చలిలో మొరాయించే డీజిల్ పికప్: లోపం ఎక్కడుందో చప్పుడు, పొగ చెబుతాయి

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగికి కొర్రబయలు అని మరో పేరుంది. చలికాలంలో రాత్రి బయట ఉండిపోయిన మనిషి తెల్లవారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారంటారు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత ఒక్కోసారి సున్నాకు దగ్గరగా దిగుతుంది. చూడటానికి వచ్చే పర్యాటకులకు ఇది వినోదం. కూరగాయలు నింపుకుని తెల్లవారకముందే మైదాన ప్రాంతపు మార్కెట్‌కు దిగాల్సిన పికప్ డ్రైవరుకు మాత్రం గండం. సెల్ఫ్ కొడితే ఇంజిన్ నాలుగుసార్లు మూలిగి ఆగిపోతుంది. ఎండ వచ్చేవరకు కూర్చుంటే సరుకు ధర పడిపోతుంది.

ఇలాంటి బండికి సాధారణంగా జరిగే వైద్యం కొత్త బ్యాటరీ. అది కుదరకపోతే నాజిళ్లు విప్పడం, అదీ కుదరకపోతే పంపు విప్పడం. వేల రూపాయలు ఖర్చయ్యాక అసలు తప్పు తుప్పు పట్టిన ఎర్త్ వైరుదని తేలవచ్చు. డీజిల్ ఇంజిన్‌కు చలిలో తక్కువయ్యేది ఒక్కటే: వేడి. ఆ వేడి ఎక్కడ పోతోందో వెతకడమే అసలు మరమ్మతు. ఏ భాగాన్నీ విప్పకుండానే ఆ వెతుకులాటలో సగం పూర్తి చేయవచ్చు.

వేడి పుట్టేది నొక్కడం వల్ల

సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ తెలిసిందే. గాలిని ఒక్కసారిగా నొక్కితే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. డీజిల్ ఇంజిన్ మొత్తం ఈ ఒక్క సూత్రం మీద నడుస్తుంది. పెట్రోలు బండిలోలాగా ఇందులో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ పైకి వచ్చి గాలిని పదహారు, పద్దెనిమిదో వంతుకు నొక్కుతుంది. ఆ వేడి గాలిలోకి నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్ముతుంది. తుంపర తనంతట తానే అంటుకుంటుంది.

ఎంత వేడి? లెక్క వేయడం కష్టం కాదు. గాలిని 16.5వ వంతుకు నొక్కే ఇంజిన్‌ను తీసుకుందాం. బయటి గాలి 27 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండి, నొక్కేటప్పుడు వేడి కాస్తయినా బయటికి పోకపోతే చివరికి గాలి 650 డిగ్రీల దాకా చేరుతుంది. కానీ సెల్ఫ్ మోటారు తిప్పుతున్నప్పుడు అలా జరగదు. సిలిండరు గోడలు చల్లగా ఉండి వేడిని పీల్చుకుంటాయి, రింగుల సందుల్లోంచి కొంత గాలి జారిపోతుంది. ఈ నష్టాలకు తగిన అంచనా వేసుకుంటే మిగిలేది సుమారు 330 డిగ్రీలు. అదే ఇంజిన్‌కు 5 డిగ్రీల గాలి అందితే చివరికి దక్కేది 285 డిగ్రీలు. అంటే బయట 22 డిగ్రీల చలి పెరిగితే సిలిండరులో దాదాపు 44 డిగ్రీల వేడి తగ్గింది. స్టార్టింగ్ వేళ చలి దెబ్బ రెట్టింపై తగులుతుంది.

ఈ లెక్కలో ఇంకో మలుపు ఉంది. పైన చెప్పినవి ఇంజిన్ తగినంత జోరుగా తిరిగినప్పటి అంకెలు. సెల్ఫ్ మోటారు మామూలుగా ఇంజిన్‌ను నిమిషానికి 150 నుంచి 200 చుట్లు తిప్పుతుంది. అది 100కు పడిపోతే గాలిని నొక్కడానికి పట్టే సమయం దాదాపు రెట్టింపవుతుంది. ఆ అదనపు సమయంలో వేడి గోడల్లోకి ఇంకిపోతుంది, గాలి రింగుల పక్కనుంచి జారిపోతుంది. ఆ నష్టాన్ని కూడా కలిపి చూస్తే అదే 5 డిగ్రీల ఉదయాన చివరి ఉష్ణోగ్రత 215 డిగ్రీల దగ్గరే ఆగిపోవచ్చు. డీజిల్ తనంతట తాను అంటుకునే ఉష్ణోగ్రత ప్రయోగశాలలో సుమారు 210 డిగ్రీలు. కానీ అక్కడ అది తీరిగ్గా అంటుకోవచ్చు. ఇంజిన్‌లో దానికి దొరికేది సెకనులో వందో వంతు పాటి సమయం. అంత త్వరగా మండాలంటే గాలి దానికన్నా చాలా వేడిగా ఉండాలి.

కాబట్టి డీజిల్ బండిలో బ్యాటరీ చేసే పని ఇంజిన్‌ను తిప్పడంతో అయిపోదు. తిప్పే వేగమే అక్కడ వేడిగా మారుతుంది. నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌లో నాజిళ్లు, పంపు, డీజిల్ అన్నీ సవ్యంగా ఉన్నా మంట పుట్టదు. మొదట చెవి పెట్టి వినమనేది అందుకే.

నెమ్మదిగా, మూలుగుతూ తిరిగితే

ఇంజిన్ వేసవి మధ్యాహ్నం తిరిగినంత జోరుగా తిరగడం లేదని చెవికి తెలిసిపోతే, డీజిల్ వైపు చూడనక్కర్లేదు. దోషులు నలుగురే: బ్యాటరీ, దాని వైర్లు, సెల్ఫ్ మోటారు, ఇంజిన్ ఆయిల్.

బ్యాటరీలో కరెంటు పుట్టేది రసాయన చర్య వల్ల. చల్లబడితే ఆ చర్య మందగిస్తుంది, పలకల రంధ్రాల్లోకి ఆమ్లం చేరడం ఆలస్యమవుతుంది. మైనస్ 18 డిగ్రీల వద్ద మంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా తన శక్తిలో సుమారు సగమే ఇవ్వగలదు. లడఖ్‌లో ఇది పెద్ద సమస్య. లంబసింగి, అరకు, ఆదిలాబాద్ చలి అంత తీవ్రం కాదు. 5 డిగ్రీల వద్ద ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ కొద్దిగానే బలహీనపడుతుంది. ఆ కాస్త చలికే చేతులెత్తేసిందంటే అది అప్పటికే నీరసించి ఉందన్నమాట. నీరసించడానికి కారణం చాలాసార్లు చలి కాదు, మైదానంలో గడిపిన వేసవి. ఎండ వేడికి పలకలు తుప్పు పట్టి, నీరు ఆవిరై బ్యాటరీ ఆయుష్షు కరిగిపోతుంది. ఆ సంగతి బయటపెట్టడం మాత్రమే డిసెంబరు చేసే పని.

పరీక్షకు ఒక మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో, ఉదయం సెల్ఫ్ కొట్టకముందు బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే మిగిలింది. ఆ తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీటరు చూడాలి. వోల్టేజీ 9.6 కన్నా కిందికి పడితే బ్యాటరీ మీద అనుమానం బలపడుతుంది. వోల్టేజీ 10కి పైనే నిలిచి, అయినా ఇంజిన్ నత్తనడక నడుస్తుంటే బ్యాటరీ నిర్దోషి. కరెంటు దారిలోనే ఎక్కడో చిక్కుకుంటోంది.

ఆ చిక్కు ఎంత చిన్నదైనా చాలని ఓమ్ సూత్రం చెబుతుంది. పికప్ సెల్ఫ్ మోటారు చలిలో 300 ఆంపియర్ల దాకా లాగవచ్చు. ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు పట్టి కేవలం 0.004 ఓమ్‌ల నిరోధం పెరిగిందనుకుంటే, 300ను 0.004తో గుణించగా 1.2 వోల్టులు అక్కడే కరిగిపోతాయి. మోటారుకు చేరాల్సిన 360 వాట్ల శక్తి ఆ బోల్టును వేడి చేయడానికి ఖర్చవుతుంది. ఇంత చిన్న నిరోధాన్ని మామూలు మీటరు ఓమ్‌లలో చూపలేదు. వోల్టులలో మాత్రం ఇట్టే చూపుతుంది. మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ స్తంభానికి, రెండో కొసను ఇంజిన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. 0.2 వోల్టుల లోపు ఉంటే మంచిదే. అర వోల్టు దాటితే ఆ దారిలోని బోల్టులన్నీ విప్పి, ఇనుప బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజలిన్ పూయాలి. ప్లస్ వైపు కూడా, బ్యాటరీ స్తంభం నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు దాకా, ఇలాగే చూడాలి. మీటరు లేనివారు పది సెకన్లు సెల్ఫ్ కొట్టాక వైర్ల కొసలను జాగ్రత్తగా తాకి చూసినా చాలు. వేడెక్కిన కొసే దొంగ. ఈ మొత్తం పనికి అయ్యే ఖర్చు ఒక టీ ఖర్చు కన్నా పెద్దగా ఎక్కువ ఉండదు. కొత్త బ్యాటరీ కొనకముందు ఈ పరీక్ష చేయకపోవడం మాత్రం ఖరీదైన తొందరపాటు.

వైర్లు శుభ్రంగా ఉన్నా మోటారు నెమ్మదిగానే తిరిగితే దాని బ్రష్‌లు, బుష్‌లు అరిగి ఉండవచ్చు. ఇక ఆయిల్. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటే, డబ్ల్యూ ముందున్న అంకె చలిలో అది ఎంత పలచగా ఉండగలదో చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ చలికి ఓర్చుకుంటుంది. 15డబ్ల్యూ రకాన్ని మైనస్ 20 డిగ్రీల వద్ద, 5డబ్ల్యూ రకాన్ని మైనస్ 30 వద్ద పరీక్షిస్తారు. మన కొండలకు 15డబ్ల్యూ సరిపోతుంది. పాత ఇంజిన్ చప్పుడు తగ్గుతుందని 20డబ్ల్యూ-50 పోయించినవారికీ, మసి పట్టి చిక్కబడిన ఆయిల్‌ను గడువు దాటినా మార్చనివారికీ ఉదయం సెల్ఫ్ బరువెక్కుతుంది.

జోరుగా తిరుగుతుంది, తెల్ల పొగ వస్తుంది

ఇక్కడ చెవి పని అయిపోయి కంటి పని మొదలవుతుంది. సెల్ఫ్ హుషారుగా తిరుగుతూ సైలెన్సర్ నుంచి ఘాటైన తెల్ల పొగ వస్తుంటే, డీజిల్ సిలిండరులోకి చేరుతోందని అర్థం. ఆ పొగ మండని డీజిల్ ఆవిరి. ఇంధనం ఉంది, గాలి ఉంది, వేడే చాలడం లేదు.

ఆ లోటు తీర్చడానికే హీటర్ ప్లగ్గులు ఉన్నాయి. పెన్సిల్ అంత సన్నని ఈ కడ్డీ ఒక్కో సిలిండరులోకి ఒక్కొక్కటి చొచ్చుకుని ఉంటుంది. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద చుట్టలా కనిపించే దీపం వెలిగి, కొన్ని సెకన్లలో కడ్డీ కొస ఎర్రబారుతుంది. ఉష్ణోగ్రత 800 డిగ్రీలు దాటుతుంది. గాలి మొత్తం వేడెక్కకపోయినా, తుంపరలో కొంత భాగం ఆ కొసను తాకి అంటుకుంటే మిగిలినదానికి మంట పాకుతుంది. కొన్ని ఇంజిన్లలో ప్లగ్గులకు బదులు లోపలికి వచ్చే గాలిని వేడి చేసే హీటరు ఉంటుంది. కొన్నింటిలో రెండూ ఉండవు.

చాలామంది డ్రైవర్లు దీపం ఆరిందంటే ప్లగ్గులు వేడెక్కాయనుకుంటారు. చాలా పాత బండ్లలో ఆ దీపం గడియారాన్ని బట్టే ఆరిపోతుంది. నాలుగు ప్లగ్గులూ కాలిపోయినా దీపం యథాప్రకారం వెలిగి ఆరుతుంది. ఒక్క ప్లగ్గే పోతే బండి స్టార్టవుతుంది గానీ అర నిమిషం పాటు ఊగిపోతూ తెల్ల పొగ వదిలి, ఆ తర్వాత సర్దుకుంటుంది. రెండు, మూడు పోయాక అసలు మొండికేస్తుంది. కాబట్టి "ఈ ఏడాది చలి ఎక్కువ" అనిపిస్తే, గడచిన ఏడాది ఉదయం పూట బండి ఊగేదా అని గుర్తు చేసుకోవడం మంచిది.

పరీక్ష సులభం. ప్లగ్గు వైరు తీసి, దాని కొసకూ ఇంజిన్ లోహానికీ మధ్య నిరోధం చూడాలి. మామూలు 12 వోల్టుల లోహపు ప్లగ్గు ఒక ఓమ్‌కు అటూ ఇటూ చూపుతుంది. మీటరు అనంతం చూపితే లోపలి తీగ తెగినట్టు. అన్ని ప్లగ్గులూ బాగుంటే వాటికి కరెంటు పంపే ఫ్యూజు, రిలే వైపు వెళ్లాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. కొన్ని కొత్త ఇంజిన్ల ప్లగ్గులు 12 వోల్టుల కన్నా చాలా తక్కువకు తయారైనవి. వాటిని బ్యాటరీకి నేరుగా తగిలించి ఎర్రబడతాయో లేదో చూడబోతే అక్కడికక్కడే కాలిపోతాయి. రెండోది, ఏళ్ల తరబడి మసిలో బిగుసుకున్న ప్లగ్గును చల్లని ఇంజిన్ నుంచి బలవంతంగా తిప్పితే సగంలో విరిగి హెడ్డులో ఉండిపోతుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, తుప్పు వదిలించే నూనె పోసి, కొద్దికొద్దిగా కదిలిస్తూ తీయాలి.

ప్లగ్గులు, రిలే అన్నీ సవ్యంగా ఉండి తెల్ల పొగ ఆగకపోతే మిగిలేది కంప్రెషన్ పరీక్ష. రింగులు, వాల్వులు అరిగితే నొక్కిన గాలి జారిపోతుంది, దానితో వేడీ పోతుంది. ఇలాంటి బండి మధ్యాహ్నం ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. వేడిగా ఉన్న గోడలు అప్పుడు వేడిని పీల్చుకోవు కదా. ఉదయపు మొరాయింపుతో పాటు ఆయిల్ తగ్గిపోవడం, ఆయిల్ పోసే మూత తీస్తే గాలి ఉబుకుతూ రావడం ఉంటే ఇంజిన్ పని దగ్గర పడినట్టే. అది పెద్ద ఖర్చు, తప్పించుకునే దారి లేదు.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో సైలెన్సర్ దారిలో వడపోత ఉంటుంది కాబట్టి పొగ అంత స్పష్టంగా కనబడకపోవచ్చు. వాటికి స్కానర్ తగిలించి చూడటమే నయం.

జోరుగా తిరుగుతుంది, పొగే రాదు

పొగ లేదంటే సిలిండరుకు డీజిల్ చేరడం లేదు. ఇక్కడ అందరూ ముందుగా అనేది "డీజిల్ గడ్డకట్టింది" అని. మన కొండల్లో ఎక్కువసార్లు నేరస్థుడు వేరే: గాలి. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టం ఎక్కడైనా పగిలినా, క్లిప్పు వదులైనా, రాత్రంతా ఆగి ఉన్నప్పుడు అక్కడినుంచి గాలి దూరి డీజిల్ తిరిగి ట్యాంకులోకి జారిపోతుంది. చలికి రబ్బరు గట్టిపడి సందు ఇంకాస్త పెరుగుతుంది. ఉదయం ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా పంపు గాలినే లాగుతుంది. ఫిల్టర్ దగ్గర చేతి పంపు ఉన్న బండ్లలో దీన్ని తేల్చడం తేలిక. సెల్ఫ్ కొట్టకముందు చేతి పంపును గట్టిపడేదాకా నొక్కి, ఆపై స్టార్ట్ చేయాలి. వెంటనే లేచిందంటే చలిది తప్పు కాదు, గొట్టం మార్చుకోవాలి.

అలాగని మైనం కథ అబద్ధం కాదు. డీజిల్‌లో పారఫిన్ మైనపు అణువులు కరిగి ఉంటాయి. మండటానికి అవి మంచివే. చల్లబడితే మాత్రం పలుకులుగా విడిపోతాయి. మొదట డీజిల్ మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది. ఇంకా చల్లబడితే పలుకులు ఫిల్టర్ రంధ్రాలను మూసేస్తాయి. మరీ చల్లబడితే డీజిల్ పారడమే మానేస్తుంది. మధ్య దశే వాహనానికి ముఖ్యం. దాన్ని కొలవడానికి చల్లార్చిన డీజిల్‌ను 45 మైక్రాన్ల జల్లెడ గుండా పీలుస్తారు. 20 మిల్లీలీటర్లు 60 సెకన్లలో రాకపోతే, ఆ ఉష్ణోగ్రతను వడపోత ఆగే హద్దుగా లెక్కిస్తారు.

భారత ప్రమాణం ఐఎస్ 1460 ఈ హద్దును రెండు రకాలుగా నిర్ణయించింది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చలికాలపు డీజిల్‌కు అది 6 డిగ్రీలు మించకూడదు. మిగతా నెలల్లో 18 డిగ్రీల దాకా ఉండవచ్చు. అంటే అక్టోబరులో మైదానంలో నింపిన డీజిల్ ప్రమాణానికి అన్నివిధాలా తగినదే అయినా, కొండ మీద 8 డిగ్రీల ఉదయాన ఫిల్టర్‌లో చిక్కుకునే వీలుంది. అసలు డీజిల్ ఆ హద్దు కన్నా మెరుగ్గా ఉండటమూ మామూలే కాబట్టి ప్రతి బండికీ ఇలా జరగదు. అయితే తక్కువ తిరిగే బండి ట్యాంకులో పాత డీజిల్ మిగిలిపోతుంది. కొండెక్కే ముందు దాన్ని వాడేసి, చలికాలంలో కొత్తగా నింపించుకోవడం మంచిది.

మైనం పట్టిందనడానికి ఒక మంచి గుర్తుంది. బండి స్టార్టవుతుంది, రెండు మూడు నిమిషాలు నడుస్తుంది, తర్వాత బలం తగ్గి ఆగిపోతుంది. ఫిల్టర్‌కు అవతల మిగిలిన డీజిల్‌తో లేచి, కొత్తది అందక చచ్చిపోతుందన్నమాట. అప్పుడు ఫిల్టర్ మీద వేడినీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి కాసేపు ఉంచితే మైనం కరుగుతుంది. పాత ఫిల్టర్ అప్పటికే సగం మూసుకుని ఉంటుంది కాబట్టి చలికాలం ముందు దాన్ని మార్చి, అడుగున చేరిన నీటిని వదిలేయడం మేలు.

లడఖ్, కార్గిల్, కాజా, కేలాంగ్‌ల సంగతి పూర్తిగా వేరు. అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 30 దాకా దిగవచ్చు కాబట్టి మామూలు చలికాలపు డీజిల్ కూడా పనికిరాదు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ లడఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే గుణం కోల్పోని ప్రత్యేక డీజిల్‌ను విడుదల చేసింది. అయితే ఇంధనం పారినంత మాత్రాన సరిపోదు. 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదాంట్లో సుమారు 65 శాతమే. పలచని గాలిలో తుంపర అంటుకోవడానికి ఇంకా ఆలస్యమవుతుంది. పైన వేసిన లెక్కను మైనస్ 20 డిగ్రీలకు వేస్తే, సెల్ఫ్ జోరుగా తిరిగినా చివరికి 240 డిగ్రీల లోపే వస్తుంది. హీటర్ ప్లగ్గుల సాయం లేకుండా అక్కడ బండి లేవడం దాదాపు అసాధ్యం.

ప్రాణం మీదికి తెచ్చే చిట్కాలు

ఆలస్యమైపోతోందన్న కంగారులో కొందరు ఆయిల్ చాంబరు కింద, ట్యాంకు కింద గుడ్డ పేలికలు కాలుస్తారు. కారిన డీజిల్, ఆయిల్ పట్టిన వైర్లు ఉన్నచోట ఇది బండిని తగలబెట్టే పని. గాలి గొట్టంలోకి ఈథర్ స్ప్రే కొట్టడం ఇంకో అలవాటు. ఈథర్ చాలా తక్కువ వేడికే భగ్గుమంటుంది. ఎర్రబారిన హీటర్ ప్లగ్గు ఎదురైతే పిస్టన్ పైకి రాకముందే పేలి, పిస్టన్‌నో రింగులనో విరగ్గొడుతుంది. డీజిల్‌లో పెట్రోలు, కిరోసిన్ కలపడం పాతకాలపు పంపులు కొంత ఓర్చుకున్నాయి. ఇప్పటి కామన్ రైల్ పంపులకు డీజిలే కందెన. దాన్ని పలచన చేస్తే లోపలి భాగాలు ఒరుసుకుని పాడైపోతాయి.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది ఘాట్‌లో బండిని దొర్లించి స్టార్ట్ చేయబోవడం. పికప్ బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ ఇంజిన్ తిరిగితేనే పుడుతుంది. పవర్ స్టీరింగు కూడా అంతే. ఇంజిన్ లేవకుండా బండి వాలులో వేగం అందుకుంటే పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగు తిరగదు, వెనుక టన్ను సరుకు నెడుతూ ఉంటుంది.

దానికన్నా ఇంకో బండి బ్యాటరీ సాయం తీసుకోవడం మేలు. ప్లస్‌కు ప్లస్ కలిపి, సాయం చేసే బ్యాటరీ మైనస్‌ను మొరాయించిన బండి ఇంజిన్ లోహానికి, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. చివరి కలయిక వద్ద రవ్వ పుడుతుంది. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది, అది నిప్పుకు దొరకకూడదు. సెల్ఫ్‌ను ఒక్కోసారి పది, పదిహేను సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో ఒక నిమిషం విరామం ఇవ్వాలి. లేదంటే మోటారు చుట్టలు కాలిపోతాయి. ఇంజిన్ లేచాక వెంటనే యాక్సిలరేటర్ తొక్కి పొగ ఊదించడమూ పనికిరాదు. చల్లని, చిక్కని ఆయిల్ టర్బో బేరింగులకు చేరేదాకా అర నిమిషం, నిమిషం ఐడిల్‌లో ఉంచి, మొదటి కిలోమీటరు నెమ్మదిగా నడిపితే చాలు.